ఊడిపోయే పంటికి కొలత ఎందుకు?

"పాలపళ్లు ఎలాగూ ఊడిపోయేవే గదా, వాటికి వైద్యం దేనికి?" అని పెద్దవాళ్లు కూడా అంటూ ఉంటారు. కాని పాలపన్ను పని నమలటం ఒక్కటే కాదు. దాని కింద, దవడలో, రాబోయే పన్ను తయారవుతూ ఉంటుంది. అది పైకి వచ్చేదాకా పాలపన్ను దాని చోటు కాపాడుతుంది. పాలపళ్లు మొత్తం 20. వాటిలో అన్నిటికన్నా వెనకవి 10, 12 ఏళ్లదాకా ఉండాలి. అవి ముందే పోతే పక్కపళ్లు ఆ ఖాళీలోకి ఒరుగుతాయి. కొత్త పన్ను చోటు చాలక వంకరగా వస్తుంది.

పంటి లోపల మెత్తని గుజ్జు ఉంటుంది. అది సన్నని గొట్టాలగుండా వేళ్లలోకి కూడా పోతుంది. పిప్పి ఈ గుజ్జుదాకా పోతే పోటు పుడుతుంది, చీము పడుతుంది. అటువంటి పన్నును పీకకుండా కాపాడాలంటే, వైద్యుడు సూదివంటి ఆకురాయితో చెడిన గుజ్జు తీసివేసి, ఆ గొట్టాన్ని మందుతో నింపాలి.

ఎంత లోతుకు దిగాలి? తక్కువ దిగితే చెడు లోపలే మిగులుతుంది. ఎక్కువ దిగితే కింద ఉన్న కొత్త పంటికే దెబ్బ తగలవచ్చు. పోనీ, వేరు పొడవు ఇంత అని పుస్తకం చూసి చెప్పటానికి లేదు. ఊడిన పాలపన్ను ఎప్పుడైనా పరీక్షగా చూశారా? దానికి వేరు దాదాపు ఉండదు. కొత్త పన్ను పైకి వస్తున్నకొద్దీ పాత వేరు కరిగి పొట్టి అవుతుంది. అందుచేత ఏ పంటికి ఆ పన్నే కొలవాలి.

ఎక్స్‌రే తీస్తే వేరు కనిపిస్తుంది. కాని అది నీడ మాత్రమే. వేరు ఒక పక్కనే ఏటవాలుగా కరిగి ఉంటే, నీడలో మాత్రం పూర్తి పొడవు కనిపించవచ్చు.

ఇక్కడ విద్యుత్తు సాయపడుతుంది. 1942లో జపానులో సుజుకీ అనే ఆయన కుక్కల పళ్లను పరిశోధించి, నోటిలోపలి పొరకూ వేరు చుట్టూ ఉండే కణజాలానికీ మధ్య విద్యుత్తుకు కలిగే అడ్డు ఇంచుమించు ఒకేవిధంగా ఉంటుందని కనుక్కున్నాడు. 1962లో సునాడా ఈ సూత్రంతో మనుషుల పళ్లను కొలిచాడు. ఆ అడ్డు సుమారు 6,500 ఓములు. ఒక తీగను పెదవికి తగిలిస్తారు, రెండోది ఆకురాయికి. ఆకురాయి మొన వేరు చివర తాకగానే యంత్రం చెబుతుంది. ఆ విద్యుత్తు ఎంత స్వల్పమంటే, సాధారణంగా మనకు తెలియనే తెలియదు.

ఆనాటి యంత్రాలు గొట్టంలో తడి ఉంటే తప్పు చూపేవి. ఇప్పటివి చాలా మెరుగు. అయినా వైద్యులు ఎక్స్‌రేను వదలలేదు. కింద ఉన్న కొత్త పన్ను ఎంతదాకా వచ్చిందో చూపేది అదే గదా!

ఎప్పుడైనా మీ పంటికి ఇలా కొలత తీయవలసివస్తే, కదలకుండా కూర్చోండి. అక్కడ ఒక మిల్లీమీటరు తేడా కూడా పెద్ద తేడాయే.