తల్లిని బోనెక్కించి తప్పుకున్నాం

ఆగస్టు వస్తే విశాఖ గాజువాకలో ఫ్లెక్సీలు లేస్తాయి. పొత్తిళ్లలో బిడ్డతో ఒక తల్లి బొమ్మ, పైన ‘తల్లిపాల వారోత్సవాలు’ అని పెద్దక్షరాలు, కింద వరసగా నాయకుల ఫొటోలు. ఒకటో తారీఖు నుంచి ఏడో తారీఖు దాకా మైకుల్లో తల్లిపాలు అమృతం అని చెబుతారు. ఎనిమిదో తారీఖుకి ఫ్లెక్సీ దిగిపోతుంది. ఆ అమృతం బిడ్డ నోటికి చేరాలంటే తల్లికి ఏం కావాలో ఆ ఏడు రోజుల్లో అడిగినవాళ్లు లేరు.

ఇక ఇళ్లల్లో పంచాయితీ ఏడాది పొడవునా నడుస్తూనే ఉంటుంది. తల్లిపాలా, డబ్బాపాలా? సీసా పట్టిన తల్లిని చూసి, అందం పోతుందని భయం కాబోలు అంటారు. రొమ్ము పట్టిన తల్లి బిడ్డ కాస్త సన్నగా కనిపిస్తే, నీ పాలల్లో సత్తువ లేదు, డబ్బా పట్టవే అంటారు. చుట్టపుచూపుగా వచ్చి కాఫీ తాగి పోయేవాళ్లకు కూడా ఈ విషయంలో ఒక తీర్పు ఉంటుంది. ఎటు చేసినా తప్పు ఆమెదే. పచ్చి బాలింతను బోనెక్కించి, మిగిలినవాళ్లందరం జడ్జీల కుర్చీల్లో కూర్చున్నాం. నాకు ఒళ్లు మండేది ఇక్కడే.

గాజువాక మెయిన్ రోడ్డు మీద బట్టల షాపుల్లో నిలబడి చీరలు విప్పి చూపించే ఆడపిల్లల్ని మీరూ చూసే ఉంటారు. వాళ్లలో ఒకమ్మాయి పెదగంట్యాడ నుంచి వస్తుంది. బిడ్డకు నాలుగో నెల. మాటల్లో అడిగితే గొంతు తగ్గించి చెప్పింది. “మూడో నెల్లోనే వచ్చెసినానక్కా. రాకపోతే ఇంకో అమ్మాయిని ఎట్టుకుంటామన్నారు. మజ్జాన్నానికి రొమ్ములు రాళ్లయిపోతాయి. జాకెట్టు తడిసిపోతే కస్టమర్ల ముందు సిగ్గు. బాత్రూంలోకి ఎల్లి పిండీసి వచ్చెస్తాను.” ఎక్కడికి పిండుతావమ్మా అన్నాను. “ఇంకెక్కడికక్కా, సింకులోకే” అంది. అదే సమయానికి ఇంట్లో ఆమె బిడ్డకు అమ్మమ్మ డబ్బాపాలు కలిపి పడుతోంది.

తల్లి దగ్గర పాలున్నాయి. బిడ్డకు ఆకలి ఉంది. ఆటోలో పావుగంట దూరం. మధ్యలో ఒక యజమాని, ఒక సూపర్‌వైజరు, అటువైపు తొంగిచూడని ఒక లేబరు ఆఫీసు, అన్నీ తెలిసి బేరమాడి చీర కొనుక్కుపోయే మనం. ఈ పాలు సింకులో పోతున్నాయంటే నేరం ఎవరిదో చెప్పడానికి శాస్త్రం చదవక్కర్లేదు.

పోనీ చట్టం లేదా అంటే, ఉంది. 1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టం ప్రకారం ఉద్యోగంలోకి తిరిగొచ్చిన తల్లికి, బిడ్డకు పదిహేను నెలలు నిండేదాకా, మామూలు విరామం కాకుండా రోజుకు మరో రెండు విరామాలు పాలివ్వడానికే ఇవ్వాలి. పదిమంది, అంతకు మించి పనిచేసే షాపుకూ ఇది వర్తిస్తుంది. 2017 సవరణతో సెలవు 26 వారాలైంది. యాభై మంది, అంతకు మించి ఉన్న చోట పసిపిల్లల్ని చూసుకునే క్రెష్ పెట్టాలి, తల్లి రోజుకు నాలుగుసార్లు అక్కడికి వెళ్లి బిడ్డను చూసుకోవచ్చు. ఆ చట్టం స్థానంలో వచ్చిన 2020 సామాజిక భద్రతా కోడ్‌లోనూ ఇవే మాటలు ఉన్నాయి. గాజువాక, ఆటోనగర్, దువ్వాడ, కూర్మన్నపాలెం తిరిగి ఈ రెండు విరామాల సంగతి ఎంతమంది ఆడవాళ్లకు తెలుసో అడగండి. సర్కారు టీచరమ్మకు 180 రోజుల సెలవు జీతంతో వస్తుంది, రావాల్సిందే. అదే టీచరమ్మ అపార్టుమెంటులో మెట్లు తుడిచే మనిషికి, కాంట్రాక్టరు కింద ఫ్యాక్టరీల్లో ఊడ్చే మనిషికి సెలవంటే పని పోవడమే. ఆమె పేరు ఎవరి రిజిస్టరులో ఉందో ఆమెకే తెలియదు. అలాంటి మనిషికి ఆరు నెలలు తల్లిపాలే పట్టమని మైకులో చెప్పి వస్తున్నాం!

డబ్బా దగ్గరికి వద్దాం. ఒంటిగది ఇల్లు, గట్టు మీద నాలుగొందల గ్రాముల పాలపొడి డబ్బా, దాని మూతలో ప్లాస్టిక్ చెంచా. ముప్పై మిల్లీలీటర్ల నీళ్లకు ఒక చెంచా పొడి, అంచుకు సమంగా గీసి వెయ్యాలి. ఆ లెక్కన డబ్బా మొత్తం కలిపితే మూడు లీటర్ల పాలు కూడా రావు. మూడు నెలల బిడ్డ రోజుకు ముప్పావు లీటరు తాగుతుంది. అంటే నాలుగు రోజులకు డబ్బా ఖాళీ, నెలకు ఏడెనిమిది డబ్బాలు. నాలుగొందల చొప్పున చూసుకున్నా మూడు వేలు దాటిపోతుంది. రోజుకూలి ఇంట్లో ఆ డబ్బు ఎక్కణ్ణించి వస్తుంది? అందుకే ఆ అమ్మమ్మ నూట ఇరవై నీళ్లకు నాలుగు చెంచాలు వెయ్యాల్సిన చోట రెండే వేస్తుంది. పాలు తెల్లగానే కనిపిస్తాయి. బిడ్డ కడుపూ నిండుతుంది. అంగన్‌వాడీలో తూకం వేసినప్పుడు మాత్రం ముల్లు కదలదు. పైగా ఆ నీళ్లు ఎలాంటివి, ఆ సీసా ఎన్నిసార్లు మరిగింది, ఎండల్లో కలిపిన పాలు ఎంతసేపు ఉన్నాయి అన్న లెక్కలు వేరే ఉన్నాయి. విరేచనాలు పట్టుకుని బిడ్డ ఆసుపత్రి పాలైతే అక్కడ కూడా తల్లినే తిడతారు.

ఆ డబ్బా ఇంట్లోకి ఎలా వచ్చింది? చాలా ఇళ్లకు అది ఆసుపత్రి నుంచే వచ్చింది. అసలు కథ మొదలయ్యేది కాన్పు గదిలో. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో నూటికి 88 మందికి పైగా ఆసుపత్రుల్లోనే కంటున్నారు. పుట్టిన గంటలోపు తల్లి రొమ్ము అందిన పిల్లలు మాత్రం నూటికి 42 మందికి మించి లేరు. ఆ గంటలో తల్లి ఎవరి చేతుల్లో ఉంది? డాక్టర్ల, నర్సుల చేతుల్లో. పాతకాలపు మంత్రసాని ముర్రుపాలు పిండి పారబోయించిందని ఇప్పటికీ తిట్టుకుంటాం. ఏసీ గదిలో అదే జరుగుతుంటే బిల్లు కట్టి వస్తున్నాం.

మన రాష్ట్రంలో ఇదే సర్వే లెక్కన నూరు కాన్పుల్లో 42 సిజేరియన్లు, ప్రైవేటులో అయితే 63. కోత పడిన తల్లి లేవలేదు, పక్కకు ఒత్తిగిలలేదు. నడుముకు మత్తిచ్చి చేసిన ఆపరేషనైతే తల్లి మెలకువగానే ఉంటుంది, ఎవరైనా బిడ్డను గుండెల మీద పట్టుకుంటే పాలు తాగించవచ్చు. ఆ పట్టుకునే మనిషి కావాలి. మనిషిని పెడితే జీతం ఇవ్వాలి. దానికన్నా పాలపొడి కలిపి గిన్నెలో పోసి పట్టడం తేలిక. “పాలు పడలేదు, ఫలానా డబ్బా తెచ్చుకోండి” అని చీటీ రాసిస్తారు. కింద మందుల షాపులో ఆ డబ్బా ఎదురుగానే ఉంటుంది.

మొదటి రోజు బిడ్డ పొట్ట చాలా చిన్నది. ఒక్కోసారికి చెంచాడు ముర్రుపాలు చాలు. ఈ ఒక్క ముక్క ఆ తల్లికి చెప్పేవాళ్లు లేరు. బిడ్డ చీకే కొద్దీ తల్లి ఒంట్లో ప్రొలాక్టిన్ ఊరుతుంది, పాలు పడతాయి. సీసాతో కడుపు నిండిన బిడ్డ చీకడు. చీకకపోతే పాలు తగ్గుతాయి. తగ్గాక, చూశారా, పాలు చాల్లేదు, ముందే చెప్పాం కదా అంటారు. తమ చేతులతో ఎండగట్టి, ఎండిపోయిందని తల్లికి చెబుతారు. ఆ మాట ఆ తల్లి జీవితాంతం మోస్తుంది. నాకు పాలు లేవు, నా బిడ్డకు నేను పాలివ్వలేకపోయాను అని యాభై ఏళ్ల వయసులో కూడా కళ్లు తుడుచుకునే ఆడవాళ్లను నేనెరుగుదును.

దీనికీ చట్టం ఉంది. పేద దేశాల్లో పాలపొడి కంపెనీలు నర్సుల వేషాలు వేయించి మరీ డబ్బాలు అంటగడుతున్నాయని 1970లలో లోకం భగ్గుమంది. 1977లో అమెరికాలో నెస్లే సరుకుల బహిష్కరణ మొదలైంది. 1981 మేలో ప్రపంచ ఆరోగ్య సభ తల్లిపాల ప్రత్యామ్నాయాల అమ్మకాలకు కట్టుబాట్లు పెట్టింది. 118 దేశాలు ఔనన్నాయి, వద్దన్నది అమెరికా ఒక్కటే. మన దేశం ఇంకో అడుగు ముందుకేసి 1992లో ఏకంగా చట్టమే చేసింది. ఆ ఏడాది ఆగస్టు 1న ప్రధాని పి.వి.నరసింహారావు విశాఖ ఉక్కు కర్మాగారాన్ని జాతికి అంకితం చేశారు. ప్రపంచంలో మొట్టమొదటి తల్లిపాల వారోత్సవాలు మొదలైందీ ఆ రోజే. సరిగ్గా ఏడాదికి, 1993 ఆగస్టు 1న, పాలపొడి చట్టం అమల్లోకి వచ్చింది. 2003లో దాన్ని ఇంకా బిగించారు. రెండేళ్లలోపు పిల్లల పాలపొడికి, ఆహారానికి ప్రకటన కూడదు. తల్లికి ఉచితంగా శాంపిల్ ఇవ్వకూడదు. ఆసుపత్రి గోడకు పోస్టరు కూడదు. డాక్టరుకు కానుక కూడదు, వాళ్ల సదస్సులకు కంపెనీ డబ్బు కూడదు. డబ్బా మీద బిడ్డ బొమ్మ కూడా ఉండకూడదు. తప్పితే మూడేళ్ల దాకా జైలు. ముప్పై ఏళ్లు దాటింది. డబ్బాలు ఎదురుగా పెట్టిన ఆ మందుల షాపు హెల్మెట్లు లేనివాళ్లను ఆపే జంక్షన్‌కు నాలుగడుగుల దూరంలోనే ఉంది. హెల్మెట్ కోసం నిలబడే పోలీసును రోజూ చూస్తాం. ఈ చట్టం పేరు చెప్పి ఒక ఆసుపత్రి మెట్లెక్కిన అధికారిని మన వీధుల్లో నేను చూడలేదు.

డబ్బాపాలు విషం అనే మాట నేననను. తల్లి పోయిన బిడ్డలున్నారు. క్యాన్సరు మందులు వాడుతున్న తల్లులున్నారు. ఏ తల్లిపాలూ అరగని జబ్బుతో పుట్టే పసిగుడ్డులు, అరుదుగానైనా, ఉన్నారు. ఎంత ప్రయత్నించినా నిజంగానే పాలు చాలని తల్లులూ ఉన్నారు. వాళ్లకు డాక్టరు చూసి రాసిన పాలపొడి ప్రాణం నిలిపే వస్తువు. దాన్ని సరిగ్గా కలపడం నేర్పాలి, కొనలేనివాళ్లకు ఇవ్వాలి, కన్నతల్లివేనా అనే మాట వాళ్ల చెవిన పడకుండా చూడాలి. హైదరాబాదు నిలోఫర్‌లో 2017లో పెట్టినట్టు తల్లిపాల బ్యాంకులు ప్రతి పెద్దాసుపత్రిలోనూ ఉండాలి. అవసరం ఉన్నవాళ్లకు అందనిదీ, అవసరం లేనివాళ్లకు అంటగట్టిందీ ఒకే డబ్బా. ఆ రెండు తప్పుల్లోనూ తల్లి పాత్ర లేదు.

2025 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఒక మాట చెప్పింది. బహిరంగ స్థలాల్లో, పనిచేసే చోట్ల తల్లి బిడ్డకు పాలివ్వడాన్ని చిన్నచూపు చూడకూడదు, అందుకు గదులు ఏర్పాటు చేసేలా రాష్ట్రాలు చూడాలి అని. పాత గాజువాక జంక్షన్‌లో ఒకసారి నిలబడండి. అటు అనకాపల్లి, ఇటు ఎన్ఏడీ, లారీలు, బస్సులు, బొగ్గు దుమ్ము. బిడ్డ గుక్కపెట్టి ఏడుస్తుంటే తల్లి గోడవైపు తిరిగి, పైటకొంగు రెండు చుట్లు చుట్టి, చెమటలో, బిడ్డకు ఊపిరాడకపోయినా, పాలిస్తుంది. చుట్టూ మగవాళ్ల చూపులు. అది భరించలేక సంచిలో సీసా పెట్టుకుని బయల్దేరే తల్లిని ఏ మొహంతో తప్పుపడతాం? 2005లో ఈ ఊరు మహా విశాఖలో కలిసింది. ఇన్నేళ్లలో ఎన్ని సర్కిళ్లకు రంగులేశారు, ఎన్ని విగ్రహాలు లేపారు. తలుపూ, ఫ్యానూ, కుర్చీ ఉన్న ఒక్క గదికి చోటు దొరకలేదా?

ఇది పోరాటం తెలియని ఊరు కాదు. విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు అని అరిచిన గడ్డ ఇది. 2021లో ఉక్కు కర్మాగారం ప్రైవేటీకరణ మాట వచ్చినప్పుడు కూర్మన్నపాలెంలో శిబిరం వేసి ఏళ్ల తరబడి రిలే నిరాహార దీక్షలు సాగించిన ఊరు. ఆ శిబిరాల్లో ఆడవాళ్లు కూర్చున్నారు, చంకన పిల్లలతో కూర్చున్నారు. అలాంటి ఊళ్లో ఒక సింకులోకి రోజూ పాలు పోతుంటే ఏ జెండా కింద నుంచీ కేక వినపడలేదు.

యూనియన్ నాయకులకు నా విన్నపం. అన్నలారా, అక్కలారా, ఈసారి మీ డిమాండ్ల పత్రంలో జీతం, బోనస్ పక్కన ఇంకో రెండు వాక్యాలు రాయండి. పాలిచ్చే తల్లికి చట్టం చెప్పిన రెండు విరామాలు, కాంట్రాక్టు మనిషితో సహా. క్రెష్ ఉండాల్సిన ప్రతి చోటా క్రెష్. లేబరు ఆఫీసుకు వెళ్లి మెయిన్ రోడ్డు షాపుల తనిఖీ ఎప్పుడని అడగండి. పాలపొడి చట్టం తప్పిన మందుల షాపు మీద ఫిర్యాదు రాయండి, రసీదు తీసుకోండి. ఇక మీరు, ఇది చదువుతున్నవారు, రేపు చీర కొనడానికి వెళ్లినప్పుడు గల్లాపెట్టె దగ్గర కూర్చున్నాయనను ఒక్క ప్రశ్న అడగండి. మీ షాపులో పసిపిల్లల తల్లులు ఎంతమంది, వాళ్లను పాలిచ్చి రమ్మని ఎన్ని గంటలకు పంపుతున్నారు అని. జవాబు వచ్చాకే బిల్లు కట్టండి.