తీరికవేళ: పరుగిడు బండ్లు, నిలుచు చిత్రములు

తీరికవేళలందు ఇల్లాండ్రకును కన్యలకును తగిన వ్యాసంగములను గూర్చి ఈ శీర్షికయందు మేము ముచ్చటించుట పాఠకురాండ్రకు తెలిసినదే. కుట్టుపని, తోటపని, సంగీతము మున్నగునవి ఎల్లరును ఎఱిగినవి. ఈ మాసము మేము చెప్పబోవునది కొందఱకు వింతగా తోచవచ్చును. రైలుబండ్లను, ట్రాముబండ్లను, బస్సులను మక్కువతో కనిపెట్టి చూచుచు, వాని ఫొటోలను తీసి కూర్చుకొనుటయే ఆ వ్యాసంగము. దీనిని వేడుకగా గాక వ్రతముగా పట్టినవారు లోకమున అనేకులు కలరు. జపానుదేశమున రైళ్ల ఫొటోలు తీయువారికి ‘తోరితెత్సు’ అని వేఱుగా ఒక పేరే ఏర్పడినది.

దీనిని గూర్చి మేము వ్రాయుటకు కారణము సోదరీమణి యొకరు పంపిన జాబు. ఆమె కుమార్తెకు పదునాఱేండ్లు. సెలవు వచ్చినదన్న చాలును, చేతిఫోను తీసికొని స్టేషనుకు పోవునట. ప్లాటుఫారము చివర గంటలకొలది నిలిచి ఇంజన్ల ఫొటోలు తీయునట. చుట్టములు నవ్వుచున్నారు. “ఇది ఆడపిల్లకు తగిన పనియేనా? దీనివలన ప్రయోజనమేమి? ప్రమాదము లేదా?” అని ఆ తల్లి అడిగినారు. మూడును తల్లి అడుగదగిన ప్రశ్నలే. ప్రయోజనమును మొదట చెప్పి, తగునా తగదా యనుదానిని పిమ్మట విచారించి, ప్రమాదమును గూర్చి తరువాత గట్టిగా చెప్పుదుము.

దినదినము మన కంటబడు వస్తువు ఎప్పటికిని ఉండునని మనకొక నమ్మకము. బండ్ల విషయమున ఈ నమ్మకము నిలుచునది కాదు. చెన్నపట్టణమున 1895 మే 7వ తేదీన విద్యుచ్ఛక్తితో నడచు ట్రాములు మొదలైనవి. మన దేశమున అట్టివానిలో అవియే మొదటివి. ఆ పట్టణమున కాపురమున్న తెలుగు కుటుంబములవారును వానిలో నెక్కి బజారునకు, బడికి, బంధువుల యిండ్లకు తిరిగిరి. 1953 ఏప్రిలు 12వ తేదీతో అవి నిలిచిపోయినవి. ఢిల్లీలో 1963లోను, బొంబాయిలో 1964 మార్చి 31వ తేదీనను ట్రాములు ముగిసినవి. కలకత్తాలో 1873లో గుఱ్ఱములు లాగగా మొదలై, 1902నుండి విద్యుచ్ఛక్తితో నడచిన ట్రాములు మాత్రము నూటయేబదియేండ్ల పండుగను చూచినవి. అచ్చటను ఎస్ప్లనేడు – మైదానముల నడిమి దారి తప్ప తక్కిన దారులను మూసివేయుదుమని 2024లో రాష్ట్రప్రభుత్వమువారు ప్రకటించిరి. బొంబాయిలో పాత డీజిలు రెండంతస్తుల బస్సు 2023 సెప్టెంబరు 15వ తేదీన కడపటిసారి తిరిగినప్పుడు, దానిని అలంకరించి సాగనంపుటకు జనులు కెమెరాలు పట్టుకొని వచ్చిరి.

దూరపు పట్టణముల సంగతి యటుండనిండు. రాజమహేంద్రవరమున గోదావరిపై హేవలాకు వంతెన 1900లో తెఱవబడి, 1997వఱకు రైళ్లను మోసినది. బండి గోదావరిపై కెక్కి దడదడలాడగానే స్త్రీలు కిటికీలకు చేరి, బిడ్డలచేత గోదావరితల్లికి కాసులు వేయించి నమస్కరించుట మనమెల్లరమెఱిగిన ఆచారము. నేడు ఆ చోట 1974లో పూర్తియైన రోడ్డు – రైలు వంతెనయు, 1997 నాటి విల్లువంతెనయు పనిచేయుచున్నవి. హేవలాకు వంతెన స్తంభములు నిలిచియే యున్నవి గాని, దానిపై రైలు పోవుచున్న చిత్రమును ఇక నెవ్వరును తీయజాలరు. ఆనాడు గట్టున నిలిచి యెవరైన తీసియున్ననే కలదు, లేనిచో లేదు. ప్రయోజనమేమని అడిగినవారికి ఇదియే మా మొదటి సమాధానము.

పొగబండి కథయు నిట్టిదే. 1853 ఏప్రిలు 16వ తేదీన బొంబాయినుండి ఠాణాకు మన దేశపు తొలి ప్రయాణికుల రైలు నడచినది. బ్రాడ్‌గేజి మార్గములలో ఆవిరియింజన్ల నిత్యసేవ 1995లో ముగిసినది. డార్జిలింగు, నీలగిరి కొండదారులవంటి కొలది చోట్ల మాత్రమే ఆ యింజనును ఇప్పటికిని చూడవచ్చును. ‘పొగబండి’ యను మాట మన పెద్దల నోట నింకను నున్నది. పొగ మాత్రము పోయినది. మాట వినిన మనుమరాలికి అదెట్టిదో తెలియవలెనన్న చిత్రము చూపుటకన్న సులువైన మార్గమేది? అట్లే హైదరాబాదు రాజ్యమున 1932లో నిజాము రైల్వేవారే బస్సులను నడుప మొదలిడిరి. హైదరాబాదు వీధులలో అందఱును వేడుకగా నెక్కిన రెండంతస్తుల బస్సులు కొన్నియేండ్లు కానరాకుండి, 2023లో విద్యుత్తుతో నడచు క్రొత్తవిగా మరల వచ్చినవి. తల్లి యెక్కిన బస్సును కుమార్తె యెక్కిన బస్సును ప్రక్కప్రక్కన నుంచి చూపగల ఇల్లు ధన్యమైన ఇల్లు.

అయితే బండిని మాత్రము తీసిన సరిపోదు. ఈ మర్మమును గ్రహించినవారిలో అమెరికాదేశపు ఓ. విన్‌స్టన్ లింకు అగ్రగణ్యుడు. నార్‌ఫోకు అండు వెస్టర్ను అను రైల్వేలో ఆవిరియింజన్లు త్వరలో పోవునని తెలిసి, 1955నుండి 1960వఱకు ఆయన వానివెంట తిరిగి రెండువేలకు పైగా చిత్రములు తీసెను. అందు అనేకము రాత్రివేళ తీసినవి. చీకటిలో పరుగిడు ఇంజనుపై వెలుతురు పడుటకై దారిపొడవున తీగలు లాగి, అనేక దీపములు ఒక్క లిప్తపాటున వెలుగునట్లు అమర్చెడివాడు. ఒక చిత్రమున ఒక యింటి ముందుగది కనబడును. లోపల మనుష్యులు కూర్చుండియుందురు. కిటికీకావల రైలు పోవుచుండును. మఱొకదానిలో పిల్లలు ఏటిలో నీదులాడుచుండగా పైని వంతెనమీద బండి పోవును. ఇంజనును ప్రేమించిన ఆ మనుష్యుడు ఇంజనుతోబాటు ఇల్లును, వాకిలిని, పిల్లలను చిత్రించెను. అందుచేతనే యంత్రములన్న ఇష్టములేనివారును ఆ చిత్రములను చూచి ఆనందించుచున్నారు. వానికొఱకు రోనోకు పట్టణమున, పాత రైలుస్టేషను భవనముననే, 2004లో ఒక ప్రదర్శనశాల వెలసినది.

ఇక తగునా యను ప్రశ్న. ఇదే పని కుమారుడు చేసినచో “మా వాడు ఇంజనీరగును” అని మెచ్చుకొందుము. కుమార్తె చేసినచో నవ్వుటకు కారణము మాకు తోచుటలేదు. మన దేశమున తొలి స్త్రీ పత్రికా ఛాయాచిత్రకారిణియని కీర్తిగాంచిన హోమాయి వ్యారావాలా (1913–2012) చీరకట్టుతో భారమైన కెమెరాను మోయుచు ఢిల్లీలో తిరిగి, స్వాతంత్ర్యోదయపు ఘట్టములను చిత్రించినారు. ఆమె కారు సంఖ్య డి.ఎల్.డి. 13 యగుటచేత ‘డాల్డా 13’ అను వినోదనామమును ధరించినారు. మన దేశపు తొలి స్త్రీ రైలు డ్రైవరని పేరొందిన సురేఖా యాదవ్ 2023 మార్చిలో వందేభారత్ రైలును సోలాపూరునుండి బొంబాయికి నడిపినారు. ఇంజనును నడుపుట స్త్రీకి తగినపుడు ఇంజను ఫొటో తీయుట తగకపోవునా?

పైగా దీనివలన కలుగు విద్య స్వల్పమైనది కాదు. ఏ బండి ఎచ్చటినుండి ఎచ్చటికి పోవునో, ఏ ఇంజను ఏ పనికి నిర్మింపబడినదో, ఏ ఋతువున సూర్యుడు ఏ దిక్కుననుండునో ఆ బాలిక తనంతట తాను తెలిసికొనును. కాలపట్టికను చదువుట, ఓర్పుతో వేచియుండుట అలవడును. ఖర్చును గూర్చియు వెఱువ నక్కఱలేదు. 1900లో కొడాకు కంపెనీవారు ‘బ్రౌనీ’ యను పెట్టెకెమెరాను ఒక్క డాలరు వెలకు అమ్మి, పిల్లలచేతికిని ఫొటోవిద్య నందించిరి. నేడు ఇంటనున్న చేతిఫోనే చాలును.

ప్రమాదము విషయమున మాత్రము తల్లి భయము నూటికి నూఱుపాళ్లు న్యాయమైనది. గంటకు 110 కిలోమీటర్లు పోవు రైలు ఒక్క సెకనులో ముప్పది మీటర్లు దాటును. ఎదురుగా వచ్చుచున్నప్పుడు అది మెల్లగా వచ్చుచున్నట్లే కంటికి భ్రమ గొల్పును. డ్రైవరు చూచి బ్రేకు వేసినను బరువైన బండి ఆగుటకు కిలోమీటరు దాపు పట్టవచ్చును. విద్యుత్తు రైళ్ల చప్పుడు పాత బండ్ల చప్పుడంత పెద్దది కాదు. ఫొటోపై దృష్టి నిలిపిన పిల్లకు వెనుకనుండి వచ్చునది వినబడకపోవచ్చును. పట్టాలపైని తీగలో 25,000 వోల్టుల శక్తి ప్రవహించుచుండును. దానిని తాకనక్కఱలేదు, మిక్కిలి దగ్గఱకు పోయినను ప్రాణము తీయును. పెట్టెలపై కెక్కి ఫొటో దిగబోయి చనిపోయిన యువకుల వార్తలు పత్రికలలో మనము చదువుచునే యున్నాము.

కావున ఆ తల్లికి మేము చెప్పునది: బిడ్డను మాన్పింపవలదు, ఈ కట్టుబాట్లను మాత్రము విధింపుడు. ప్లాటుఫారముపైని హెచ్చరిక గీతను ఎన్నడును దాటరాదు. పట్టాలమీదికి దిగరాదు. అనుమతి లేక రైల్వే ఆవరణమున తిరుగుట 1989 నాటి రైల్వే చట్టమునుబట్టి నేరము కూడ. ఫొటో కుదురుటకై వెనుక చూడక వెనుకడుగు వేయరాదు. కదలుచున్న బండి వాకిట వ్రేలాడి తీయరాదు. వచ్చు బండివైపు ఫ్లాషుదీపము వెలిగింపరాదు. డ్రైవరు కండ్లు చెదరును. కెమెరా కఱ్ఱలను, గొడుగులను తీగలవైపు ఎత్తరాదు. స్టేషను మాస్టరుగారిని ముందుగా కలిసి, తీయవచ్చునా, ఎచ్చట నిలువవలెనని మర్యాదగా అడుగవలెను. కూడదన్నచో మాఱుమాటలేక మరలిరావలెను. తోటి ప్రయాణికురాండ్రను, పసిబిడ్డలను వారివారి యనుమతి లేక చిత్రింపరాదు. మొదటి కొన్ని మాఱులు తల్లియో, అన్నగారో, మేనమామయో వెంట నుండుట మేలు. ఆ తల్లి తానే యొకసారి వెంటబోయినచో కుమార్తె యేమి చూచి సంతోషించుచున్నదో తెలియును. ఇంటికి వచ్చి చుట్టములకు తానే సమాధానము చెప్పగలదు.

తీయు విధమును గూర్చి కొంత. ఉదయము, సాయంకాలము ఏటవాలుగా పడు ఎండ మంచిది. సూర్యుడు తీయువారి వెనుకనో ప్రక్కనో యుండవలెను. బండి ముఖమును ఒక ప్రక్కయు కలిసి కనబడునట్లు కొంచెము వాలుగా నిలిచి తీసిన, దాని పొడవు తెలియును. వేగమును గూర్చి ఒక చిన్న లెక్క: పైని చెప్పిన వేగమున పోవు రైలు సెకనులో అఱువదియవ భాగమున అరమీటరు జరుగును, కావున చిత్రము చెదరును, వేయియవ వంతున మూడు సెంటీమీటర్లే జరుగును, కావున స్పష్టముగా పడును. ఫోనులో నట్టి యేర్పాటు లేనిచో స్టేషనులో ఆగుటకు వచ్చు బండినే తీయుడు. బండి కదలికతోబాటు కెమెరాను మెల్లగా త్రిప్పుచు తీసినచో బండి నిలకడగాను, వెనుకనున్న చెట్లు పరుగిడుచున్నట్లును వచ్చును. ఊరిపేరు పలకను, గడియారమును, పండ్లమ్ము అవ్వను, మూటలు మోయు కూలీని — అడిగి — చిత్రములో చేర్చుడు. ఏబదియేండ్ల పిమ్మట చూచువారు ఇంజనుకన్న ముందుగా వారినే చూతురు.

కడపటి మాట. పేరులేని చిత్రము ఊరుపేరులేని ఉత్తరమువంటిది. ఏ దినమున, ఏ స్టేషనులో, ఏ బండిని తీసినదియు నాడే వ్రాసియుంచవలెను. ఫోనులోని చిత్రములను రెండవచోట గూడ దాచవలెను. మంచివానిని కాగితముపై అచ్చువేయించి, వెనుకవైపు అంచున మెత్తని పెన్సిలుతో వివరము వ్రాయవలెను. సిరా ముందునకు దిగి చిత్రమును చెఱచును. పాఠకురాండ్ర యిండ్లలోని పాత పెట్టెలలో స్టేషనులో నిలిచిన నవదంపతులు, బస్సు మెట్టుపై నిలిచిన చిన్నపిల్ల, ట్రాము ముందు నిలిచిన తాతగారు ఉండకపోరు. ఈ మాసము తీరికవేళ వానిని బయటికి తీసి, చెప్పగల పెద్దలు ఇంటనుండగనే అడిగి, వెనుకనున్న తెల్లని చోటును నింపుడు.