శవం ముందు కుదిర్చిన రాజీ పరిహారం కాదు

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ఊళ్లల్లో కైకిలి పనిలో మనిషి చనిపోతే ముందు జరిగేది పంచాయితీ. ఆ పూటే పెద్దమనుషులు కూర్చుంటారు. "పోయినోడు తిరిగొస్తడా? కోర్టుల సుట్టు ఎన్నేండ్లు తిరుగుతవు చెల్లే? ఇచ్చింది తీసుకో" అంటారు. దినాల ఖర్చుకింత, పిల్లల పేర ఇంత అని తెగ్గొట్టి కాయితం మీద వేలిముద్ర వేయిస్తారు. దీనికే పరిహారమని పేరు. 1978లో దొరల పంచాయితీలను ఎదిరించిన గడ్డ మీదనే ఇది నేటికీ నడుస్తున్నది.

పరిహారం యజమాని దయ కాదు, చట్టం ఇచ్చిన హక్కు. 1923 నాటి పరిహార చట్టం స్థానంలో 2025 నవంబరు 21 నుండి సామాజిక భద్రతా కోడ్ వచ్చింది. లేబర్ కోడ్‌ల మీద పోరాటం సాగవలసిందే. అయితే ఈ హక్కు మాత్రం కోడ్‌లోనూ నిలిచి ఉన్నది.

లెక్క ఏమిటి? మనిషి చనిపోతే నెల కూలీలో సగాన్ని, వయసును బట్టి నిర్ణయించిన అంకెతో హెచ్చవేస్తారు. 40 ఏండ్ల వానికి ఆ అంకె 184.17. నెల సంపాదన 10,000 రూపాయలని తేలితే, 5,000ను 184.17తో హెచ్చించగా 9,20,850 రూపాయలు. శాశ్వతంగా ఏ పనికీ రాకుండా పోతే సగానికి బదులు నూటికి 60 వంతులు. కొన్నాళ్లు మంచాన పడితే 15 రోజులకొకసారి నెల కూలీలో నాలుగో వంతు. వైద్యం ఖర్చు వేరు. పంచాయితీలో చేతిలో పెట్టే పైసలను దీని పక్కన పెట్టి చూడండి, రాజీ ఎవరికి లాభమో తెలుస్తుంది.

ఈ హక్కు ఎవరికున్నది? ట్రాక్టరు మీద, కోత మిషను మీద, నూర్పిడి మిషను దగ్గర, బోరుబావి పనిలో ఉన్నవారికి, పురుగుమందు కొట్టేవారికి ఉన్నది. సిరిసిల్లలో సాంచాల మీద పనిచేస్తూ ఇఎస్ఐ వర్తించని కార్మికులకూ ఉన్నది. నూలు దుమ్ముతో వచ్చే ఊపిరితిత్తుల జబ్బు వృత్తి వ్యాధుల జాబితాలో ఉన్నది.

యజమానులు చెప్పే సాకులు మూడు. "రోజుకూలీ, మా మనిషి కాదు" అంటారు. 2000లో జరిగిన సవరణతో రోజుకూలీలకూ హక్కు వచ్చింది. "తాగి ఉన్నడు" అంటారు. చావుకు, శాశ్వత పూర్తి వైకల్యానికి ఈ మాట చెల్లదు. "గుత్తకిచ్చిన, గుత్తేదారును అడుగు" అంటారు. తన వ్యాపారంలో భాగమైన పనిని గుత్తకిచ్చినా అసలు యజమానిదే బాధ్యత.

చనిపోయిన సందర్భంలో యజమాని పరిహారాన్ని అధికారి దగ్గర జమ చెయ్యాలె. మూడు నెలల కూలీకి మించని అడ్వాన్సు తప్ప, నేరుగా చేతికిచ్చింది పరిహారం కింద లెక్కకు రాదు. హక్కు వదులుకున్నామని రాయించుకున్న కాయితమూ చెల్లదు. గనుక పోలీసు ఫిర్యాదు, పంచనామా, పోస్టుమార్టం తప్పక చేయించాలె. పక్కన పనిచేసినవారి సాక్ష్యం, ఆసుపత్రి కాయితాలు దాచుకొని రెండేండ్లలోపు దరఖాస్తు పెట్టాలె.

ఇక్కడొక చిక్కున్నది. మందు కొట్టించిన రైతు కూడా చాలాసార్లు రెండెకరాల అప్పులోడే. తొమ్మిది లక్షలు ఆయన ఎక్కడి నుండి తెస్తడు? అందుకే చిన్న రైతు, కూలీ ఒకరి మీద ఒకరు పడే స్థితి వస్తున్నది. మరోవైపు చేతితో నాట్లు వేసే, కలుపు తీసే, కొడవలితో కోసే కూలీ, 25 మందికి మించి పనిచేసే చోట తప్ప, ఆ జాబితాలో లేదు. పాము కరిచినా, పిడుగు పడినా ఆ ఇంటికి చట్టం తలుపు మూసే ఉన్నది.

2018 ఆగస్టులో మొదలైన రైతుబీమాకు ప్రీమియం ప్రభుత్వమే కడుతున్నది. 18 నుండి 59 ఏండ్ల పట్టాదారు చనిపోతే ఇంటికి 5 లక్షలు వస్తయి. పట్టా లేని కూలీకి, కౌలుదారుకు అది లేదు. పట్టాకు బీమా ఇచ్చిన ప్రభుత్వం, ఆ పొలంలో ఒళ్లు విరుచుకునే మనిషికి ఎందుకు ఇయ్యదు?

కూలీలందరికీ ప్రభుత్వ ఖర్చుతో బీమా పెట్టాలని, వ్యవసాయ పనులన్నీ జాబితాలో చేర్చాలని మేము అడుగుతున్నం. అది వచ్చేదాక, ఊళ్లో ఏ శవం ముందూ వేలిముద్ర పడకుండా చూసే పని కూలీ సంఘాలదే.