ఎత్తు రాస్తారు, రుచి రాస్తారు.. రైతుకిచ్చిన ధర ఎందుకు రాయరు?

కరీంనగర్ నుంచి వచ్చే బస్సు జేబీఎస్ చేరేముందు తిరుమలగిరి, కార్ఖానా దాటుతుంది. సంఘం రాష్ట్ర సమావేశం కోసం వచ్చిన మేం ఇద్దరం ఆ రాత్రి కార్ఖానాలోనే దిగాం. మాలో ఒకరి చెల్లెలి ఇల్లు అక్కడుంది.

పొద్దున్నే చెల్లె స్టీలు ఫిల్టర్‌లో డికాక్షన్ దించి మాకు పాలు పోసి కాఫీ ఇచ్చింది. మేనకోడలు మాత్రం అది ముట్టలేదు. ఆ పిల్లది కంప్యూటర్ ఉద్యోగం. చిన్న తక్కెడ తీసి, కాఫీ గింజలను బంగారం తూచినట్టు తూచింది. చేతిమరలో విసిరింది. కాగితపు జల్లెడలో వేసి, సన్న మూతి కెటిల్‌తో వేడినీళ్లు చుక్కచుక్కగా పోసింది. "15 గ్రాములే మామా, ఎక్కువేస్తే చేదొస్తది" అన్నది. ఇవన్నీ ఎక్కడ నేర్చుకున్నావంటే ఫోన్ చూపింది.

ఫోన్‌లో ఆ కాఫీ అమ్మే కంపెనీ పేజీ ఉంది. మంచు కమ్మిన అరకు కొండలు. సముద్ర మట్టానికి ఎన్ని మీటర్ల ఎత్తో రాశారు. మొక్క రకం రాశారు. పండును ఎట్లా కడిగారో, ఎట్లా ఎండబెట్టారో రాశారు. ఏ తారీఖున వేపారో రాశారు. కింద రుచులు: నారింజ, బెల్లం, కోకో. "నారింజ కలుపుతారా బిడ్డా?" అని అడిగాం. పిల్ల నవ్వింది. "ఏం కలపరు మామా, గింజలోనే ఆ రుచి ఛాయ ఉంటది." మేమూ తాగి చూశాం. నారింజ మాకు దొరకలేదు గానీ, ఆ పులుపు, చివర్లో నాలుక మీద మిగిలే తీపి బాగానే ఉన్నాయి.

"మరి రైతుకు కిలోకు ఎంతిచ్చారో రాశారా?" అని అడిగాం.

పిల్ల పేజీని పైనుంచి కిందికి రెండుసార్లు జరిపింది. "నేరుగా రైతుల దగ్గరే కొన్నామని ఉంది మామా. ఎంతకో లేదు."

ఆ లేని ఒక్క అంకె గురించే ఈ నెల మేం రాస్తున్నాం.

మంచిని మంచి అనాలి

ముందు న్యాయంగా మాట్లాడుకుందాం. స్పెషాలిటీ కాఫీ పేరుతో ఇంటర్నెట్‌లో జరుగుతున్న ఈ ప్రచారమంతా మోసమని మేం అనడం లేదు. నిపుణులు రుచి చూసి 100కు మార్కులు వేస్తారు. 80, అంతకు పైన వస్తే ఆ కాఫీని స్పెషాలిటీ అంటారు. ఒకప్పుడు అన్ని ఊళ్ల గింజలూ ఒకే బస్తాలో కలిసిపోయేవి. ఈ లెక్క వచ్చాక ఊరికో పేరు వచ్చింది. 2019లో అరకు వ్యాలీ అరబికాకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. అదే సమయంలో కూర్గ్, చిక్కమగళూరు, బాబాబుడన్‌గిరి అరబికాలకు, వయనాడ్ రోబస్టాకు కూడా వచ్చింది. 2017లో పారిస్ నగరంలో అరకు పేరుతో కాఫీ దుకాణమే తెరిచారు. మన్యం కొండల్లో ఎకరా, రెండెకరాల గిరిజన రైతు పండించిన పంటకు ఈ గౌరవం దక్కడం మనందరికీ గర్వమే.

నాణ్యతకు విలువ కట్టడమూ మంచిదే. పచ్చికాయ, పండుకాయ కలిపి దూసేస్తే కాఫీ రుచి చెడుతుంది. ఎర్రగా పండినవే ఏరితే ఎక్కువ ధర వస్తుందని తెలిస్తే రైతు ఏరతాడు. ఇందులో మన వైపూ నేర్చుకోవాల్సింది ఉంది.

కానీ కొత్తగా తాగేవారికి ఈ పేజీలు నేర్పే పాఠంలో సగమే ఉంది. నాలుకకు సంబంధించినదంతా ఉంది. చేతులకు సంబంధించినది లేదు.

పేజీలో కనిపించని పని

మా సంఘం తరఫున కొందరం ఒక డిసెంబర్‌లో పాడేరు, అరకు వైపు పోయివచ్చాం. అప్పుడు కళ్లారా చూసింది చెప్తాం. కాఫీ మొక్క నాటితే తొలి కాపుకు మూడు నాలుగేళ్లు పడుతుంది. సిల్వర్ ఓక్ చెట్ల నీడలో పెంచుతారు, ఆ చెట్లకే మిరియాల తీగ పాకిస్తారు. కాయలన్నీ ఒకేసారి పండవు. నవంబర్ నుంచి అదే మొక్క దగ్గరికి మూడు నాలుగు సార్లు పోయి, పండినవే ఏరుకోవాలి. వాలు మీద నిలబడి ఏరేది ఎక్కువగా ఆడవాళ్లే. ఏరిన పండ్లను ఆ రోజే పల్పర్‌లో వేసి తోలు తీయాలి, లేకపోతే పులిసి కంపు కొడతాయి. తర్వాత జిగురు పోయేదాకా నానబెట్టి కడగాలి. తడి పది, పదకొండు శాతానికి దిగేదాకా రోజుల తరబడి ఎండలో తిరగేస్తూ ఉండాలి. మబ్బు పట్టిందంటే గుండె దడే. మన కల్లాల్లో వడ్ల మీద పట్టా కప్పడానికి ఉరికే ఉరుకు ఎట్లాంటిదో మనకు తెలుసు కదా, అదే ఉరుకు అక్కడ కూడా.

నీళ్లు దూరమైన ఊళ్లలో, పల్పర్ లేని ఇళ్లలో ఇంత పని కుదరదు. పండును అట్లాగే ఎండబెట్టి సంతలో అమ్ముతారు. పండక్కో, ఆసుపత్రికో ముందే అడ్వాన్సు తీసుకున్న ఇల్లయితే షావుకారు చెప్పిందే ధర. గిరిజన సహకార సంస్థ కొనుగోలు ధర ప్రకటించడం, కొన్ని సంఘాలు పండునే నేరుగా కొనడం వల్ల ఈ పట్టు కొంత సడలింది. పూర్తిగా పోలేదు.

పేజీలో మాత్రం ఒక ఫొటో ఉంటుంది. తలకు గుడ్డ చుట్టుకుని, బుట్ట పట్టుకుని నవ్వుతున్న గిరిజన అవ్వ. మొక్క రకానికి సెలెక్షన్ 795 అనో, చంద్రగిరి అనో పేరు రాస్తారు. అవ్వకు పేరుండదు, కూలీ ఎంతో ఉండదు.

కప్పులో మన వంతు

ఆ పొద్దున మేనకోడలితో కలిసి ఒక లెక్క వేశాం. మీరూ వేసి చూడండి.

కిలో పచ్చిగింజ తయారు కావాలంటే దాదాపు ఆరు కిలోల పండ్లు కావాలి. వేపితే గింజ బరువు 15 నుంచి 20 శాతం తగ్గుతుంది. అంటే 250 గ్రాముల వేపిన కాఫీ పొట్లం వెనుక 1,800 గ్రాముల పండ్లున్నాయి. 15 గ్రాముల కప్పు వెనుక 110 గ్రాముల పండ్లు, అంటే ఒక పెద్ద గుప్పెడు.

లెక్క కోసం కిలో పండ్లు 60 రూపాయలు అనుకుందాం. పొట్లంలో రైతు వంతు 108 రూపాయలు. పొట్లం 500 అయితే ఐదో వంతు కంటే కాస్త ఎక్కువ. కానీ అదే కాఫీని ఏసీ హోటల్లో కప్పు 250 రూపాయలకు తాగితే? రైతు వంతు ఆరున్నర రూపాయలు. నూటికి మూడు రూపాయలు కూడా కాదు. అందులోనే ఏరిన కూలీ, నాలుగేళ్లు ఎదురుచూసిన పెట్టుబడి అన్నీ ఉన్నాయి.

మిగిలినదంతా ఎవరో దోచుకున్నారని మేం అనం. వేపేవానికి మిషన్ ఖర్చుంది, కిరాయి ఉంది, పన్నుంది, కొరియర్ ఉంది, ఇంటర్నెట్‌లో అమ్మిపెట్టే కంపెనీల కమిషన్ ఉంది. కప్పు కడిగే పిల్లగాడికీ జీతం కావాలి. కానీ ఈ లెక్కలో మేం వేసిన 60 రూపాయలు ఒక ఊహ. అసలు అంకె చెప్పగలిగింది అమ్మే కంపెనీ ఒక్కటే. అది చెప్పకుండా "రైతుకు మేలు" అని రాస్తే మేం ఎట్లా నమ్మాలి?

"డైరెక్ట్ ట్రేడ్" అనే మాటకు కొలత లేదు. నేరుగా కొని తక్కువ కూడా ఇవ్వొచ్చు. ఫెయిర్ ట్రేడ్ ముద్రకు కనీసం ఒక అంకె ఉంది: 2023 ఆగస్టు నుంచి కడిగిన అరబికాకు పౌండుకు 1.80 డాలర్ల కనీస ధర. ఆ ధర కూడా రైతు ఇంటి ముందు ఇచ్చేది కాదు, ఎగుమతి దగ్గర లెక్కగట్టేది. అయినా అంకె అంటూ ఉంది కాబట్టి చాలదని కొట్లాడొచ్చు. యూరప్, అమెరికాలో కొందరు కాఫీ వేపేవాళ్లు తాము గింజకు కట్టిన ధరను జనానికి చూపుతున్నారు. వాళ్ల వ్యాపారం ఏం మునిగిపోలేదు.

నష్టం ఎవరి ఖాతాలో?

ధర బయట పెట్టమని అడగడానికి ఇంకో కారణం ఉంది. కాఫీకి కేంద్రం మద్దతు ధర లేదు. మద్దతు ధర ప్రకటించే 22 పంటల్లో అది లేదు. కాఫీ బోర్డు ఉన్నది వాణిజ్య శాఖ కింద. ధర ఊగేది న్యూయార్క్ మార్కెట్‌ను బట్టి. 1989లో దేశాల మధ్య కాఫీ కోటాల ఒప్పందం కూలింది. 2001లో పౌండు అరబికా 50 సెంట్ల లోపుకు పడింది. 2025 ఫిబ్రవరిలో 4 డాలర్లు దాటింది. ధర పడినప్పుడు తోట రైతు అప్పులపాలైతడు, కప్పు ధర మాత్రం ఆ మేరకు దిగదు.

ఇక తెగుళ్లు. 2025లో అరకు ప్రాంతంలో కాఫీ కాయ తొలిచే పురుగు కనిపించింది. పురుగు పాకకుండా కాయలను కోసి, వేడినీళ్లలో వేసి, మట్టిలో పూడ్చాల్సి వచ్చింది. కాపు మీదున్న కాయను చేజేతులా పూడ్చడం ఎంత బాధో పత్తికి గులాబీ పురుగు పట్టినప్పుడు చూసినవాళ్లకు వేరే చెప్పాలా? మంచుకొండల ఫొటోల పక్కన ఆ మాట కూడా ఉంటే తాగేవాళ్లకు తామెవరి కష్టం తాగుతున్నామో తెలిసేది.

చికోరీకి ఉన్న నియమం

"అంకె రాయమంటే వ్యాపారులు ఒప్పుకుంటారా?" అని మీరు అడగొచ్చు. మన వంటింట్లోనే జవాబుంది. చెల్లె వాడే ఫిల్టర్ పొడి పొట్లం తిప్పి చూశాం. కాఫీ ఇంత శాతం, చికోరీ ఇంత శాతం అని అచ్చయి ఉంది. చికోరీ కలిపిన పొడిలో కాఫీ కనీసం 51 శాతం ఉండాలని, శాతాలు పొట్లం మీద రాయాలని ఆహార నియమాలు చెప్తున్నాయి. వ్యాపారులు తమంతట తాము రాసింది కాదు అది, నియమం పెడితే రాశారు.

(కొత్త పేజీలు చికోరీని విషంలాగా చూపిస్తున్నాయి. ఆ మాట కూడా అందాం. చికోరీ గుజరాత్, ఉత్తరప్రదేశ్ రైతులు పండించే గడ్డ. చెప్పకుండా కలిపితే తప్పు. చెప్పి కలిపితే అది తాగేవారి ఇష్టం.)

కొనేవాడు మోసపోకుండా శాతం అచ్చేయించగలిగిన ప్రభుత్వం, పండించేవాడు మోసపోకుండా ధర ఎందుకు అచ్చేయించలేదు?

ఇది కాఫీ రైతు గొడవే కాదు

మా జిల్లాలో కాఫీ లేదు, మనకెందుకు అనుకోవద్దు. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఇప్పటికే కొర్రలు, అండుకొర్రలు, నల్లబియ్యం, గానుగ నూనె అందమైన పొట్లాల్లో, రైతు ఫొటోతో, ఇంటర్నెట్‌లో అమ్ముతున్నారు. కాఫీకి ఇవాళ రాసిన కథే రేపు మన కందిపప్పుకు, పసుపుకు రాస్తారు. నేల పేరు అమ్ముకుంటారు, రైతు ముఖం అమ్ముకుంటారు. ధర మాత్రం పాత మార్కెట్ యార్డు ధరే ఇస్తారు. ఇప్పుడే అడగకపోతే రేపు అడగడానికి నోరుండదు.

అందుకే మా డిమాండ్లు ఇవి:

1. రైతు పేరు, ఊరు పేరు, ఫొటో వాడుకుని అమ్మే ఏ పంట పొట్లం మీదైనా, ఇంటర్నెట్ పేజీలోనైనా, రైతుకు చెల్లించిన కిలో ధర, కొన్న నెల అచ్చువేయాలి.

2. భౌగోళిక గుర్తింపు పేరు వాడుకునేవారు ఏ రైతు సంఘం నుంచి, ఎంత సరుకు కొన్నారో ఏటా ప్రకటించాలి.

3. కాఫీకి గిట్టుబాటు ధర హామీ ఇవ్వాలి. ఊరికి అందుబాటులో పల్పర్లు, ఎండబెట్టే కల్లాలు గిరిజన రైతుల సంఘాల చేతిలోనే ఉండాలి.

4. పురుగు, తెగులు వల్ల కాపు నాశనం చేయమన్నప్పుడు ఆ సీజన్‌లోనే పూర్తి పరిహారం ఇవ్వాలి.

చివరిగా ఒక మాట. కార్ఖానా అంటే పని జరిగే చోటు. కాఫీకి అసలు కార్ఖానా ఆ కొండవాలు, ఆ పల్పర్, ఆ ఎండు కల్లం. కప్పు పట్టుకున్న పిల్లలకు ఆ చోటు చూపించే పని కంపెనీల మీద వదిలేస్తే కాదు, మనమూ చెయ్యాలి. మీ బిడ్డలు, మేనకోడళ్లు, మనవలు నగరాల్లో ఉన్నారు. వాళ్లు తాగేది ఆపమని చెప్పొద్దు. మంచి కాఫీ తాగనివ్వండి. కొనేముందు ఒక్క ప్రశ్న అడగమని చెప్పండి.

మేం బస్సెక్కేముందు మేనకోడలు అదే చేసింది. ఆ కంపెనీకి ఫోన్‌లో ఒక వాక్యం రాసి పంపింది: "ఈ పొట్లంలోని పండ్లకు రైతుకు కిలోకు ఎంతిచ్చారు?" పత్రిక అచ్చుకు పోయేనాటికి జవాబు రాలేదు. వస్తే వచ్చే నెల సంచికలో ఆ అంకె వేస్తాం. రాకపోతే, రాలేదని వేస్తాం.