స్వీడన్, అమెరికా, మా చెనక్కాయలు

పండక్కి మడకశిర వెళ్తే మిత్రులతో మళ్ళీ అదే గొడవ. అందరం బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగులమే. "ఉచితాలిచ్చి జనాన్ని సోమరుల్ని చేస్తున్నారు. అమెరికాలోలాగా మార్కెట్‌కి వదిలేయాలప్పా" అన్నారు. స్వీడన్ సంగతి ఎత్తితే "అది కోటిమంది దేశం, వాళ్ళకు చెల్లుతుంది" అని కొట్టిపారేశారు.

వాళ్ళు చెప్పే అమెరికా ఎక్కడుందో నాకు తెలీదు. 2009లో జనరల్ మోటార్స్ కుప్పకూలితే ప్రజల సొమ్ముతో నిలబెట్టింది అమెరికా ప్రభుత్వమే. అదే కంపెనీ చేతిలో ఉన్న సాబ్‌ను ఆదుకోమంటే, కార్ల ఫ్యాక్టరీలు నడపడం మా పని కాదంది స్వీడన్ ప్రభుత్వం. 2011లో సాబ్ దివాలా తీసింది. అయితే సాబ్ కార్మికుడికి ఉద్యోగం పోయినా వైద్యం పోలేదు, పిల్లల చదువు ఆగలేదు. అమెరికాలో చాలామందికి ఉద్యోగంతో పాటే ఆరోగ్య బీమా కూడా పోతుంది. హెచ్-1బీ మీదున్న మనవాళ్ళకైతే మహా అంటే 60 రోజుల గడువు.

ఇంకోటి. అమెరికా 2014 వ్యవసాయ చట్టం వేరుశనగకు టన్నుకు 535 డాలర్ల రిఫరెన్స్ ధర పెట్టింది. మార్కెట్ ధర అంతకంటే పడిపోతే తేడాలో చాలా భాగం ప్రభుత్వమే కడుతుంది.

అసలైన స్వేచ్ఛా మార్కెట్‌లో ఉన్నది మా నాయన. వాన రాకపోతే నష్టం ఆయనది. బోరులో నీళ్ళు పడకపోతే అప్పు ఆయనది. చెనక్కాయ బాగా పండిన ఏడు ధర పడిపోతే అదీ ఆయన ఖర్మే. మద్దతు ధర ప్రకటిస్తారు, నిజమే. మేం అమ్మిన ఏ ఏడూ అది చేతికి రాలేదు. మార్కెట్ కష్టానికి ఫలితమిచ్చేదే అయితే ఆయన ఈపాటికి మా ఊళ్ళో అందరికంటే ధనవంతుడు అయ్యుండాలి.

ఇక సోమరితనం. నా ఇంజనీరింగ్ ఫీజు కట్టింది ప్రభుత్వం. ఆ మాటన్న మిత్రుల్లో ఇద్దరికీ అంతే. ఫీజు రీయింబర్స్‌మెంట్‌తో సోమరులం కాని మనం, 2006లో మన అనంతపురం జిల్లా బండ్లపల్లిలోనే మొదలైన ఉపాధి హామీలో ఎండకు మట్టి తవ్విన కూలీని ఏ నోటితో సోమరి అంటాం?

స్వీడన్ పుట్టుకతో ధనిక దేశం కాదు. 1867-69లో అక్కడ కరువు. 1930 దాకా పది లక్షలమందికి పైగా అమెరికాకు వలసపోయారు, మనవాళ్ళు బెంగళూరు పోయినట్టు. చమురు నార్వేది, వీళ్ళది కాదు. వీళ్ళు నిలబడింది 25 శాతం వ్యాట్‌తో, బరువైన ఆదాయపు పన్నుతో, కంపెనీలతో ఎదురుగా కూర్చుని జీతాలు తేల్చే యూనియన్లతో.

ఇక్కడ నా మీద నాకే కోపం. ఆఫీసులో యూనియన్ అన్న మాట ఎత్తే ధైర్యం నాకు లేదు. మార్చి వస్తే పన్ను ఎలా తగ్గించుకోవాలా అని లెక్కలేస్తాను. స్వీడన్ కావాలనే అర్హత నేనింకా సంపాదించుకోవాలి.

అమెరికా కావాలనే మిత్రులకు మాత్రం ఒకటే మాట. అమెరికా తన వేరుశనగ రైతుకిచ్చిన భరోసా ముందు మా నాయనకు ఇప్పించండి. మార్కెట్ గురించి తర్వాత మాట్లాడుకుందాం.