నలుపు తెలుపులు ఎవరి సొత్తు?

మొన్న మా అధ్యయన బృందంలో బ్రిజెట్ రైలీ ‘శకలాలు’ అనే అచ్చుబొమ్మలను ఒక పుస్తకంలో చూపించాను. ఏడు బొమ్మలు. ఏడింటిలోనూ నలుపూ తెలుపే. మనిషి లేడు, చెట్టు లేదు, ఇల్లు లేదు. పుస్తకం చేతులు మారి నా దగ్గరకు తిరిగి రాకముందే తీర్పు వెలువడింది. “ఇది శుద్ధ రూపవాదం మాస్టారూ! బూర్జువా కళ్ళకు గిలిగింతలు” అన్నారు ఒక మిత్రులు. వయసులోనూ, ఉద్యమంలోనూ నాకంటె పెద్దవారు. విద్యార్థులు తలలూపారు. ఆయన మీద గౌరవం ఉండబట్టే ఈ నాలుగు మాటలూ రాస్తున్నాను. ఆ తీర్పు తప్పు. తప్పు కావడమే కాదు, దానివల్ల అసలు ముద్దాయి తప్పించుకుపోతున్నాడు.

ముందు ఆ బొమ్మలేమిటో చూద్దాం. రైలీ 1931లో లండనులో పుట్టింది. తండ్రి వృత్తి అచ్చుపని. ఆమె గోల్డ్‌స్మిత్స్‌లోనూ, రాయల్ కాలేజీ ఆఫ్ ఆర్ట్‌లోనూ చదివింది. కొన్నాళ్ళు ఒక ప్రకటనల కంపెనీలో బొమ్మలు వేసి పొట్టపోసుకుంది. 1959లో ఫ్రెంచి చిత్రకారుడు స్యురా వేసిన కూర్బెవా వంతెన చిత్రానికి నకలు వేసింది. పక్కపక్కన పెట్టిన రంగుచుక్కలు పటం మీద కాక చూపరి కంటిలో కలుస్తాయన్నది స్యురా పాఠం. ఆ పాఠాన్ని చేత్తో నేర్చుకుని, రెండేళ్ళకు రంగు మొత్తం తీసివేసి, 1961లో ‘చదరాలలో చలనం’ వేసింది.

ఒక చదరంగం పలకను ఊహించుకోండి. గడుల ఎత్తు ఎక్కడా మారదు. వెడల్పు మాత్రం ఎడమనుంచి కుడికి పోయినకొద్దీ తగ్గి తగ్గి, మధ్య దాటాక ఒకచోట సన్నని చీలికలై, తిరిగి పెరుగుతుంది. ఆమె చేసిన మార్పు ఆ ఒక్కటే. కాని పటం అక్కడ మడతపడి లోపలికి కుంగినట్లు కనిపిస్తుంది. కుంగలేదని మనకు తెలుసు. తెలిసినా కన్ను ఒప్పుకోదు. మరుసటి ఏడు, 1962లో, ఈ చిత్రం ఆధారంగానే ఆమె తొలినాటి స్క్రీన్ ప్రింటు ఒకటి వచ్చింది. 1965లో ‘శకలాలు’ వచ్చాయి. వీటిని కాగితం మీద కాక ప్లెక్సిగ్లాసు పలకల మీద, అదీ పలక వెనకవైపున, అచ్చువేశారు. కనక మనం చూసేది పారదర్శకమైన పలకలోగుండా. కుంచె జాడ లేదు, కాగితపు గరుకు లేదు, కళాకారుని చేతివాటం లేదు. మిగిలింది అంచు ఒక్కటే. నలుపు ఆగి తెలుపు మొదలయ్యే చోటు.

మనిషెక్కడ అని అడిగారు మిత్రులు. బొమ్మ ముందు నిలబడ్డాడండీ! అతడు చూడకపోతే అక్కడ కదలికే లేదు. పటం మీద సగం, చూపరి కంటిలో సగం జరిగే పని ఇది. చూపరిని కూర్చోబెట్టి కథ చెప్పే చిత్రాలను మనం ఎన్నో మెచ్చుకున్నాం. అతడిచేత పని చేయించే చిత్రాన్ని చూసి ఎందుకు ఉలిక్కిపడాలి? తెలుగు పాఠం చెప్పుకునేవాణ్ణి కనక మరొకటి అడుగుతాను. మన ఛందస్సు మొత్తానికి ఉన్నవి రెండే గుర్తులు, గురువూ లఘువూ. వాటి వరసను మార్చే కదా గురజాడ ముత్యాల సరాలు కూర్చాడు! ఆ మార్పును రూపవాదమని మనలో ఎవరమైనా అన్నామా? 1943లో తెనాలిలో అరసం పుట్టిననాటినుంచీ వస్తువూ, రూపమూ అన్న తగవు మనలో నలుగుతూనే ఉంది. తగవు మంచిదే. కాని రూపం అన్న మాట వినగానే చర్చ ముగించేయడం విమర్శ కాదు.

ఇక అసలు ముద్దాయి సంగతి.

1965 మొదట్లో న్యూయార్కులోని మ్యూజియం ఆఫ్ మోడరన్ ఆర్ట్ ‘స్పందించే కన్ను’ అనే పెద్ద ప్రదర్శన పెట్టింది. దాని గ్రంథం అట్ట మీద వేసింది రైలీ చిత్రమే. ఆ సందర్భంలో ఆమె న్యూయార్కు వెళ్ళేసరికి అంగళ్ళ అద్దాలలో ఆమె గీతలు గౌనులై వేలాడుతున్నాయి. ఆమె చిత్రాన్ని కొన్న ఒక బట్టల వ్యాపారి దాన్ని గుడ్డ మీద అచ్చు కొట్టించాడు. పటం కొన్నాడు కనక అందులోని ఆలోచన కూడా తన సరుకే అనుకున్నాడు. ఆమె న్యాయవాదులను ఆశ్రయించింది. కళాకారుల పనికి అటువంటి రక్షణ నాటి అమెరికా చట్టంలో లేదని తేలింది.

ఈ ఉదంతాన్ని మా మిత్రులకు చెబితే నవ్వారు: “చూశారా, గౌను మీదకు పోయే కళే అది!” ఆయన గమనించని సంగతి ఒకటుంది. గుడ్డ మడతపడుతుంది, ముడుచుకుంటుంది, శరీరం వంపును అనుసరిస్తుంది. గడికీ గడికీ మధ్య కొలిచి పెట్టిన దూరం అక్కడ చెదిరిపోతుంది. దూరం చెదిరితే కంటికి ఆ పని ఉండదు. నలుపు తెలుపుల పూత మాత్రం మిగులుతుంది. ఆ చిత్రాలలో రూపం వస్తువుకు తొడిగిన చొక్కా కాదు, అదే వస్తువు. బట్టల వ్యాపారికి ఇది పట్టలేదు. అది వట్టి డిజైను అన్నాడు. నా మిత్రులు అన్నదీ అక్షరాలా అదే. ఒకరు అమ్మడానికి అన్నారు, మరొకరు తిట్టడానికి అన్నారు.

రైలీని వెనకేసుకు వచ్చే గ్యాలరీ రసికులతో కూడా నాకు జగడముంది. ‘శకలాలు’ ప్రచురించింది లండనులోని రాబర్ట్ ఫ్రేజర్ గ్యాలరీ. అచ్చువేసింది క్రిస్ ప్రేటర్ నడిపిన కెల్ప్రా స్టూడియో. ఒక్కొక్క బొమ్మకు 75 ప్రతులు. అంతటితో ఆపేశారు. ఈ సంఖ్య నన్ను చాలాకాలంగా వేధిస్తున్నది. చట్రానికి గుడ్డ బిగించి, అక్కరలేని చోట్ల మూసి, రబ్బరు బద్దతో సిరాను లాగే ఈ పని మనకు కొత్తది కాదు. మన ఊళ్ళలో పెళ్ళి శుభలేఖలు ఇలాగే వేసేవారు, ఇప్పటికీ వేస్తున్నారు. మా వీధి చివర అలా శుభలేఖలు వేసే ఆయనకు పుస్తకం చూపించాను. అంచుల శుభ్రత చూసి “మంచి పనివాడండీ” అన్నాడు. ఎన్ని వేశారని అడిగాడు. డెబ్బై అయిదు అన్నాను. “డెబ్బై అయిదుకి స్క్రీను తడవనైనా తడవదే! ఎందుకాపేశారు?” అన్నాడు.

ఎందుకు ఆపేశారు? యంత్రం అలిసిపోయి కాదు, సిరా అయిపోయీ కాదు. డెబ్బై ఆరో ప్రతి వస్తే మొదటి ప్రతి ధర పడిపోతుంది కనక. యాంత్రిక పునరుత్పత్తి కళాకృతి చుట్టూ ఉన్న తేజోవలయాన్ని చెరిపివేస్తుందని వాల్టర్ బెన్యమిన్ 1930లలో ఆశించాడు. సంతకమూ, సంఖ్యా వేసి ఆ వలయాన్ని తిరిగి అతికించింది మార్కెట్టు. మూడేళ్ళ తరవాత, 1968 మే నెలలో, పారిస్ లలితకళల పాఠశాలను ఆక్రమించుకున్న విద్యార్థులు ఇదే పద్ధతిలో పోస్టర్లు అచ్చువేసి గోడలకు అంటించారు. వాటి మీద సంతకాలు లేవు, సంఖ్యలు లేవు. పనిముట్టు ఒకటే. అది ఎవరి చేతిలో ఉన్నది, ఎవరికోసం తిరుగుతున్నది అన్నదే తేడా.

రైలీని నేను విప్లవకారిణిని చేయడం లేదు. 1968లో పీటర్ సెడ్జ్‌లీతో కలిసి, లండను రేవులోని గోదాములలో కళాకారులకు పనిచోట్లు కల్పించే స్పేస్ అనే సంస్థను స్థాపించింది. అది ఆమె పక్షాన చెప్పవలసిన మాట. ఆమె పెద్ద కాన్వాసుల మీద రంగు వేసేది సహాయకులు. ఈ సంగతి ఆమె దాచలేదు. వారి కూలి ఎంత, వారి పేర్లెక్కడ అని మిత్రులు అడిగితే నేనూ వారి పక్కన నిలబడి అడుగుతాను. అది శ్రమను గురించిన ప్రశ్న. ‘ఇందులో రైతు బొమ్మ ఎందుకు లేదు?’ అన్నది అటువంటి ప్రశ్న కాదు. రైతు బొమ్మను కూడా 75 ప్రతులు వేసి, సంతకం పెట్టి, కొనగలిగినవాడి గోడకు తగిలించవచ్చు. తగిలిస్తున్నారు కూడా.

వచ్చే ఆదివారం పుస్తకాన్ని బృందానికి మళ్ళీ తీసుకువెళుతున్నాను. శుభలేఖల ఆయన ఒక పాత చట్రం ఇస్తానన్నాడు. చదరాలు గీసుకు రమ్మని విద్యార్థులకు చెప్పాను. వెడల్పును ఎంతెంత తగ్గించాలో వారే లెక్క కట్టుకోవాలి. మిత్రులను కూడా పిలిచాను. వస్తానన్నారు, కాని ఒప్పుకోనన్నారు.