కెమెరాలు తిప్పించిన నాయకత్వం

అమెరికా విశ్వవిద్యాలయాల్లో ఒక తంతు ఉంది. పేరుమోసిన చరిత్రకారుణ్ణి పిలుస్తారు, ఊళ్ళోవాళ్ళకు కూడా ప్రవేశం ఉచితం అంటారు, ‘అధ్యక్షుల నాయకత్వం’ మీద గంటసేపు మాట్లాడిస్తారు. లింకన్ ఓర్పు, రూజ్‌వెల్ట్ ధైర్యం, లిండన్ జాన్సన్ చాకచక్యం, మధ్యమధ్య నవ్వించే పిట్టకథలు. ముందు వరసలో కూర్చున్న దాతలు లేచి నిలబడి చప్పట్లు కొడతారు. ఈ తంతు చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. హరిదాసు కూడా గంటసేపు గొప్పవాళ్ళ గుణాలే గానం చేస్తాడు, కానీ తాను చెప్పేది భక్తి అన్న సంగతి దాచడు. వీళ్ళు మాత్రం భక్తిని చరిత్ర పేరుతో అమ్ముతున్నారు.

ఈ బాపతు చరిత్రకు పెద్ద పేరు డోరిస్ కియర్న్స్ గుడ్‌విన్. 2018లో ఆవిడ నాయకత్వం మీద రాసిన పుస్తకంలో నలుగురు అధ్యక్షులుంటారు, నలుగురికీ నాలుగు బిరుదులు. 1933లో ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ చేసిన పనికి ‘టర్న్‌అరౌండ్’ నాయకత్వమట. దివాలా అంచున ఉన్న కంపెనీని గట్టెక్కించిన మేనేజరుకు వాడే మాట అది. పౌరహక్కుల విషయంలో జాన్సన్‌ది ‘విజనరీ’ నాయకత్వమట. గుడ్‌విన్‌ను తీసిపారేయలేం. జాన్సన్‌ను 1968లో ఎలా దించాలో 1967లో పత్రికలో రాసిన మనిషి, ఆ తర్వాత ఆయన దగ్గరే పనిచేసి, ఆయన జ్ఞాపకాల రచనకు సాయపడిన మనిషి. జాన్సన్ సాగించిన వియత్నాం యుద్ధం గురించి ఆవిడకు ఒకరు చెప్పాల్సిన పనిలేదు. నా కోపమంతా అందుకే. తెలియనివాళ్ళు భజన చేస్తే పోనీలే అనుకోవచ్చు.

ఆ ‘విజనరీ’ సంగతి చూద్దాం. 1964 జులై 2న జాన్సన్ పౌరహక్కుల చట్టం మీద సంతకం చేశాడు. సెనేట్‌లో దక్షిణాది సభ్యులు నెలల తరబడి అడ్డం పడితే, మిగతావాళ్ళ ఓట్లు కూడగట్టి గట్టెక్కించాడు. అది ఘనకార్యమే, కాదనను. తర్వాత ఐదు వారాలకు, ఆగస్టు 7న, అదే మనిషి అదే విద్యతో, వియత్నాంలో సైన్యాన్ని దించే అధికారం తనకిచ్చే టోంకిన్ తీర్మానం గెలిపించుకున్నాడు. ప్రతినిధుల సభలో 416 మంది అనుకూలం, వ్యతిరేకం సున్నా. సెనేట్‌లో 88, వ్యతిరేకం రెండే రెండు. దానికి కారణంగా చూపిన దాడుల్లో, ఆగస్టు 4న అమెరికా నౌకల మీద జరిగిందని చెప్పిన రెండోది అసలు జరగనే లేదని తర్వాత తేలింది. ఆ తీర్మానం చేతబట్టుకుని సాగించిన యుద్ధంలో అమెరికన్లే 58 వేల మందికి పైగా పోయారు. వియత్నామీయులు లక్షల్లో పోయారు. నాయకత్వ కళకు మార్కులు వేయాలంటే టోంకిన్‌కే ఎక్కువ వేయాలి కదా? ఓట్లు చూడండి మరి! చేతి నేర్పును ఆ చెయ్యి చేసిన పని నుంచి విడదీసి కొలవడం మొదలుపెడితే చరిత్రకారుడు ఇక్కడికే వస్తాడు.

అదే ఆగస్టు 22న అట్లాంటిక్ సిటీలో డెమోక్రాట్ల జాతీయ మహాసభ ముంగిట ఇంకో సంగతి జరిగింది. మిసిసిపీ నుంచి నల్లవాళ్ళకు చోటులేని ప్రతినిధివర్గం వచ్చింది. వాళ్ళ స్థానంలో మమ్మల్ని కూర్చోబెట్టండంటూ ‘ఫ్రీడమ్ డెమోక్రాటిక్ పార్టీ’ ప్రతినిధులు కూడా వచ్చారు. వాళ్ళ తరఫున ఫ్యానీ లూ హామర్, ఎవరిని కూర్చోబెట్టాలో తేల్చే కమిటీ ముందు కూర్చుంది. కౌలు పత్తిచేలల్లో పెరిగిన మనిషి, ఇరవై మంది తోబుట్టువుల్లో ఆఖరిది. 1962లో ఓటరుగా పేరు రాయించుకోబోయినందుకు భూస్వామి ఆమెను ఆ రోజే వెళ్ళగొట్టాడు. 1963లో వినోనా జైల్లో పోలీసులు సాటి ఖైదీల చేతనే కొట్టించారు. ఆ దెబ్బలకు ఆమె కిడ్నీ పాడైంది. ఇదంతా ఆమె చెబుతుంటే దేశం టీవీల్లో చూస్తోంది.

జాన్సన్‌కు కాళ్ళ కింద నేల కదిలింది. దక్షిణాది తెల్ల ఓట్లు పోతాయని భయం. అప్పటికప్పుడు వైట్‌హౌస్‌లో విలేకరుల ముందుకొచ్చాడు. చెప్పడానికి ఆయన దగ్గర ఏమీ లేదు. అయితేనేం, టీవీ సంస్థలు హామర్‌ను మధ్యలో వదిలేసి కెమెరాలు ఆయన మీదికి తిప్పాయి. పాచిక పారలేదు, ఆ రాత్రే ఆమె మాటలు టీవీల్లో మళ్ళీ మారుమోగాయి. ఇక బేరం మొదలైంది. రెండు సీట్లిస్తాం, సర్దుకోండన్నారు. బేరానికి వచ్చిన హ్యూబర్ట్ హంఫ్రీకి ఉపాధ్యక్ష పదవి మీద ఆశ. హామర్, ఆమె తోటివాళ్ళు ఆ రెండు సీట్లు మాకొద్దు పొమ్మన్నారు.

మరుసటి ఏడు ఓటు కోసం ఊరేగిన నల్లవాళ్ళకు సెల్మా వంతెన మీద పోలీసుల చేతుల్లో తలలు పగిలాకే ఓటు హక్కు చట్టం వచ్చింది. తలలు పగలగొట్టించుకున్నవాళ్ళకు ‘విజన్’ బిరుదు లేదు. సంతకం పెట్టిన కలానికి ఉంది!

మన తెలుగువాళ్ళకు ఈ కథతో చుట్టరికం ఉంది. 1946 నాటి చట్టం ప్రకారం అమెరికాకు వలస వెళ్ళే భారతీయులకు ఏడాదికి 100 మంది కోటా ఉండేది. దాన్ని ఎత్తేసిన వలస చట్టం మీద 1965 అక్టోబర్ 3న, స్వేచ్ఛా విగ్రహం పాదాల దగ్గర, జాన్సన్ సంతకం చేశాడు. డాలస్, న్యూజెర్సీల్లోని మన ఇళ్ళకు ఆ సంతకమే పునాది. ఆ రోజు ఆ దార్శనికుడు ఏమన్నాడో తెలుసా? ఇదేం విప్లవాత్మకమైన చట్టం కాదు, దీనివల్ల దేశ జీవితమేమీ మారిపోదు అన్నాడు. తాను సంతకం పెట్టిన చట్టం ఏం చేయబోతోందో ఆయనకే తెలియదు. జాతిని బట్టి మనుషుల్ని లెక్కగట్టడం సిగ్గుచేటని వీధుల్లో దెబ్బలు తిన్న నల్లవాళ్ళు దేశాన్ని నమ్మించకపోతే ఆ చట్టానికి గాలి ఎక్కడిది? మన సంఘాల వేదికల మీద కృతజ్ఞతలు చెప్పేటప్పుడు వాళ్ళ పేరు ఎత్తేవాళ్ళు ఎందరు?

మీ పిల్లలు చదివే విశ్వవిద్యాలయంలో ఈసారి అలాంటి ఉపన్యాసం పెడితే మానకండి, వెళ్ళండి. చివర్లో ప్రశ్నలకు పది నిమిషాలు వదులుతారు. మైకు అందుకుని, 1964 ఆగస్టు 22న అధ్యక్షుడు అంత హడావుడిగా విలేకరులను ఎందుకు పిలిచాడో చెప్పమని అడగండి.